తూర్పు నుంచి వెళ్లిన వంటవాడు

పడమటి ద్వారం నుంచి కోటలోకి వచ్చినవాడు ఎటు నుంచి తిరిగి వెళ్లాలర్రా? పడమటి నుంచే కదా! కోట సేనాపతి, దళవాయి వీరభూపతి మాత్రం, "నేను కట్టించిన తూర్పు ద్వారం నుంచే అందరూ బయటికి పోవాలి" అని ఆజ్ఞ వేశాడు.

ఎవరిని ఏ ద్వారం నుంచి పంపాలో చూసే నూకాలుకు ఒళ్లు మండింది. చెరువు తూము తెరవడానికి పడమటి రైతులు అనుమతి అడిగారు. అనుమతి ఇచ్చే జాబు తూర్పు నుంచి వెళితే, కొండ చుట్టి చేరడానికి మూడు రోజులు. అక్కడ నారు ఎండిపోతోంది.

"దొరా, దీన్ని పడమటి నుంచి పంపనివ్వండి."

"రైతుల కోసం నా ఆజ్ఞ మారుస్తానా? చెప్పింది చెయ్యి!"

"అలాగే చేస్తాను."

దళవాయి ఇల్లు పడమటి ద్వారం బయట, పక్కనే. ఆ మధ్యాహ్నం భోజనం తెచ్చిన వంటవాణ్ణి నూకాలు తూర్పు నుంచే పంపేసింది. మర్నాడు భోజనం రాలేదు.

"నా వంటవాడేడే?"

"కొండ చుట్టూ నడుస్తున్నాడు దొరా, తమ ఆజ్ఞ ప్రకారమే."

"నిన్ను కొలువులోంచి తీసేస్తాను!"

"తీసెయ్యండి. తీసేసినట్టు రాసిన కాగితం మా ఇంటికి చేరితేనే కదా చెల్లేది? మా ఇల్లూ పడమటే. మూడు రోజులు ఈ పని నాదే. మీరూ, ఆ నారూ కలిసి ఎండండి."

దళవాయి కడుపు గుర్రుమంది. "ఎటు నుంచి వచ్చినవాళ్లను అటే పంపు," అని గొణిగాడు.

రైతుల జాబు వెంటనే పడమటి నుంచి వెళ్లింది; సాయంత్రానికల్లా తూము తెరుచుకుంది.

ఇక లేస్తానర్రా, డాబా మీద వడియాలు సగమే పెట్టి వచ్చాను.