చందమామ గనికి నక్క మేస్త్రీ

మాఘమాసంలో మాకులు సైతం వణుకుతాయంటారు. ఆ ఏడు ఎర్రగుట్ట కింద జొన్నచేను గట్టున మాకులే కాదు, రాళ్ళు కూడా వణికేటట్టున్నాయి. ఆ గట్టులో కాపురముండే పందికొక్కు పోలమ్మకు చలికన్నా దిగులెక్కువ. కిందటేడు చలికి దాని పిల్ల ఒకటి బిగుసుకుపోయి చచ్చిపోయింది. ఈ ఈత పిల్లల్లో ఏ ఒక్కటి తుమ్మినా దాని ప్రాణం గిలగిల్లాడేది. అసలే కాలు నిలవని జాతి. గడ్డి తెచ్చి పరిచేది, చాలదని ఇంకాస్త తెచ్చేది, కన్నం పూడ్చేది, మళ్ళీ తవ్వేది.

అలాంటి వేళ నక్క వచ్చి గట్టెక్కి కూర్చుంది.

"ఇంకా గడ్డిపరకలేనా పోలమ్మా! లోకం ఎక్కడికో పోయింది."

"ఎక్కడికి పోయింది బావా?"

"చందమామ మీదికి! గుట్టమీద డేరా వేసుకుని గొట్టంలోంచి ఆకాశం చూసే మనుషులున్నారే, వాళ్ళ జీపు కింద పడుకుని అంతా విన్నాను. సూర్యుడి నుంచి కొట్టుకొచ్చే గాలి యుగాల తరబడి చందమామ దుమ్ములో ఇంకిపోయిందట. దాన్ని కట్టెల్లాగా కాల్చరట, దాని నలుసుల్ని ఒకదానికొకటి గుద్దించి కలిపేస్తారట, అందులోంచి వేడి పుడుతుందట. పొగ లేదు, మసి లేదు. పిడికెడు తెచ్చుకుంటే మన అడివంతా చలికాలం వెచ్చగా ఉంటుంది."

ఈ మాటలకు కుందేళ్ళు, ఉడతలు చుట్టూ మూగాయి. "చందమామలో ఉన్నది మా తాతే! తవ్వితే మాకు సగం వాటా," అని ఓ కుందేలు అప్పుడే పేచీ మొదలెట్టింది.

పొద దగ్గర కునుకుతున్న ముసలి ముళ్ళపంది ఒక కన్ను తెరిచింది. "ఆ దుమ్ము వేసి రగిలించే పొయ్యి ఏదిరా?"

"మనుషులు కడుతున్నారు తాతా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాళ్ళ తాతల నాటి నుంచీ. ఇంకెంత, అయిపోవచ్చింది."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట," అని ముళ్ళపంది మళ్ళీ కన్ను మూసింది.

పోలమ్మకు పొయ్యి గొడవ చెవికెక్కలేదు. పిడికెడు దుమ్ము, వెచ్చగా పిల్లలు, అంతవరకే వినబడింది. "అంత ఎత్తుకు పోవడమెట్లా బావా?"

"మనం పోనక్కర్లేదు. పున్నమి మర్నాడు తెల్లారేసరికి ఆయనే ఎర్రగుట్ట నెత్తిన దిగుతాడు. ఎప్పుడూ చూడలేదా?"

అందరూ చూసినదే. కళ్ళారా చూసినదాన్ని కాదనడమెట్లా?

"తవ్వేది మీరు, మేస్త్రీని నేను," అంది నక్క. "పసివాళ్ళను మాత్రం గుట్టెక్కించొద్దు, గాలికి బిగుసుకుపోతారు. అందరి పిల్లలకూ కలిపి ఇక్కడే ఒక బొరియ తవ్వండి. గాలి దూరకుండా దారి ఒక్కటే ఉండాలి. అది నా భుజాలు పట్టేటంత ఉండాలి. మధ్యమధ్య తొంగిచూడాలి కదా!"

"నీకా మా పిల్లల్ని అప్పజెప్పేది?" అంది కుందేలు.

"ఓసి పిచ్చిదానా, చందమామ దుమ్ము వచ్చాక ఈ అడివికి పెద్దను నేనే. పెద్దరికం నోటిదాకా వస్తుంటే పిల్లల్ని తిని పోగొట్టుకుంటానా?"

అదీ నిజమేననిపించింది. ఆశ ముందు అనుమానం ఎంతసేపు నిలుస్తుంది?

బొరియ తవ్వింది పోలమ్మే. నక్క చెప్పినట్టే తవ్వింది, ఒక్కటి తప్ప. పందికొక్కుల్లో వెనకదారి లేని ఇంటిని ఇల్లనరు, గొయ్యి అంటారు. అందుకని చివరన సన్నటి దారి తీసి, బయటి మూతిని వదులు మట్టితో పూడ్చింది. నక్క మీద అనుమానంతో కాదు. పుట్టిన దగ్గర్నుంచీ దాని కాళ్ళకు తెలిసిన పని అది.

పున్నమి మర్నాడు తెలతెలవారుతుండగా పిల్లల్ని బొరియలో ఉంచి అందరూ గుట్టెక్కారు. చందమామ నిజంగానే గుట్ట నెత్తిన కూర్చున్నాడు. రొప్పుతూ పైకి చేరేసరికి చూస్తే, ఆయన అవతలి గుట్టమీద ఉన్నాడు.

"జరిగాడు! అదిగో, అక్కడ! పరుగెత్తండి!" అని కుందేలు అరిచింది. అందరూ పరుగందుకున్నారు. పోలమ్మ కూడా నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయింది.

"కూలీలం అందరం ఇక్కడున్నాం. మేస్త్రీ ఏడి? పని జరిగే చోటికి రాని మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా?"

అలా అనుకోగానే దానికి బొరియలోని పిల్లలు గుర్తొచ్చారు. చందమామ ఎటు పోతే అటు పోనీ అని గిరుక్కున తిరిగి, రాళ్ళమీద దొర్లుతూ గట్టు దగ్గరికి వచ్చిపడింది.

బొరియ ముందు నక్క తోక ఒక్కటే కనబడుతోంది. భుజాలు పట్టాయి గానీ, ఆశతో ఉబ్బిన పొట్ట బొరియ వంపు దగ్గర ఇరుక్కున్నట్టుంది. "భయపడకండి బుజ్జుల్లారా, మామను వస్తున్నా," అంటూ లోపలికి పాకుతోంది.

పోలమ్మ వెనకదారికి పోయి వదులు మట్టి లాగేసి, తన పిల్లల్నీ కుందేలు పిల్లల్నీ ఉడత పిల్లల్నీ మెడ కరిచి ఒక్కొక్కటిగా బయటికి ఈడ్చింది. ఆఖరి పిల్లను పొదలోకి తోసి, అక్కడే కునుకుతున్న ముళ్ళపంది దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నీ కాళ్ళు మొక్కుతా. ఒక్కపూట వచ్చి ఆ గుమ్మంలో పడుకో!"

ముళ్ళపంది మెల్లగా నడిచివచ్చి, వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కబొడుచుకుని గుమ్మం నిండా కూర్చుంది.

లోపల నక్కకు ఖాళీ గడ్డి దొరికింది. వెనకదారిలో మూతి పట్టింది, తల పట్టలేదు. తిరిగి వస్తే ముందంతా ముళ్ళే.

"తాతా, తప్పుకో! ఊపిరాడటం లేదు!"

"గాలి దూరకూడదన్నావు కదరా మేస్త్రీ. అందుకే అడ్డం పడుకున్నా."

మధ్యాహ్నానికి మిగతావాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. చందమామ మూడో గుట్ట దాటి మాయమైపోయాడట. జరిగింది విని కుందేలు పిల్లల్ని పొట్టకు అదుముకుని బావురుమంది.

ఇక ఆగలేక నక్క ముళ్ళలోంచే దూసుకువచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి ఏదో సర్దిచెప్పబోయింది గానీ, పైపెదవినీ కిందిపెదవినీ కలిపి ముళ్ళు కుట్టేశాయి. నోరే పెట్టుబడిగా బతికిన నక్క, ఒక్క మాటైనా అనలేక తోక ముడుచుకుని చేను దాటిపోయింది.

నీతి: ఆకాశం చూపించేవాడి వేలిని కాదు, వాడు ఎవరి గుమ్మంలో నిలబడి చూపిస్తున్నాడో ముందు చూసుకోవాలి.