చిలుక లేని బాతు

ఒక అడవిలో కబుర్లు చిలుకలు మోసేవి. చిలుక ఉన్నవాళ్ళకు లోకమంతా తెలిసేది. కాకపోతే దాన్ని రోజుకు నాలుగు జామపళ్ళతో మేపాలి. వాగు ఇసుకలో కాపురముండే బాతుకు అంత తాహతు లేదు. అయినా దాని బతుకు సాగిపోయేది. ఏనుగులు కొండచెరువు తూము ఎత్తే ముందురోజు వడ్రంగిపిట్ట మోడు మీద టకటకా డప్పు వేసేది. బాతు సామాను సర్దుకుని గట్టు మీదికి పోయేది.

ఇలా ఉండగా, పక్క అడవులన్నిటికీ, ఏ కబురైనా చిలుక ద్వారానే పోవాలనే చిలుకల చట్టం ఉందని, తనకే లేదని సింహరాజుకు తెలిసింది. తల కొట్టేసినట్టయింది. వెంటనే నేర్చుకు రమ్మని కొంగమంత్రిని ఉత్తరదేశం పంపాడు. కొంగ మూడు నెలలు ఒంటికాలి మీద నిలబడి ఉపన్యాసాలు విని, ఓ లావుపాటి గ్రంథంతో తిరిగొచ్చింది. మంచు కురిసేటప్పుడు చిలుకల కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు ఎలా తొడగాలో మొదటి అధ్యాయం. ఆ అడవిలో పుట్టి బుద్ధెరిగి ఎవరూ మంచు చూసిన పాపాన పోలేదు. అయినా సభంతా భేష్ అంది.

రెండో అధ్యాయం ప్రజాభిప్రాయం. దాని ప్రకారం మంత్రి ఒక ప్రకటన చేసింది: "చిలుక లేనివారు ఎవరైనా ఉన్నచో, నెలలోగా తమ చిలుక ద్వారా తెలియజేయవలెను."

నెల గడిచింది. ఒక్క కబురూ రాలేదు.

"అయితే మన అడవిలో చిలుక లేనివాళ్ళే లేరన్నమాట!" అని రాజు పొంగిపోయి పండగ చేశాడు. వడ్రంగిపిట్టకు శాలువా కప్పి ఇంటికి పంపేశారు.

ఆ శాలువాతోనే అది బాతు దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఇక డప్పు లేదు వదినా. తూము సంగతి చిలుకలే చెబుతాయట."

బాతు కిందికి చూసుకుంది. దాని కింద ఆరు గుడ్లున్నాయి. "ఎప్పుడెత్తుతారు?"

"చిలుకనడగమన్నారు."

బాతు గుడ్లన్నీ గడ్డి బుట్టలో పెట్టుకుని, దారిపొడుగునా తిట్టుకుంటూ సభకు నడిచింది.

గుమ్మం దగ్గర కాపలా కోతి జాబితా తిరగేసింది. "చిలుక లేనివాళ్ళు సున్నా అని రాసుంది. నువ్వు లేవు తల్లీ," అంది.

"లేనిదాన్ని ఎట్లా ఆపుతావు?" అంది బాతు. కోతి బుర్ర గోక్కుంటూ పక్కకు తప్పుకుంది.

"దొరా, నాకు చిలుక లేదు. నీళ్ళెప్పుడొస్తాయో చెప్పండి, పోతాను," అని రాజును వేడుకుంది బాతు.

మంత్రి కంగారులో రెండో కాలు కూడా దించింది. "ప్రభూ, ఇది ఉందని ఒప్పుకుంటే చట్టం అబద్ధమవుతుంది. ఉత్తరదేశం నవ్వుతుంది. పలక్కండి!"

రాజు పైకప్పు వాసాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. బాతుకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. రాజు భోజనానికి లేవగానే సింహాసనమెక్కి, బూరుగుదూది పరుపు మీద గుడ్లు పేర్చుకుని పొదగడానికి కూర్చుంది.

రాజు తిరిగొచ్చి నోరెళ్ళబెట్టాడు. "దించండి!"

"ఎవర్ని ప్రభూ?" అంది కోతి, ఎంతో వినయంగా.

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి గ్రంథం వైపు చూసింది. "ఎవర్నీ కాదులే," అని రాజు నేలమీద చతికిలబడ్డాడు.

మర్నాడే తూము ఎత్తారు. వాగు పొంగి ఇసుకతిన్నెలన్నీ ఊడ్చుకుపోయింది. గుడ్లు మాత్రం రాజుగారి పరుపు మీద వెచ్చగా ఉన్నాయి. చిలుకలున్నవాళ్ళు ముందే తప్పుకున్నారు. లేని కుందేళ్ళు, ముంగిసలు, పందికొక్కులు తడిసి ముద్దయి, పిల్లాజెల్లాతో సభకొచ్చిపడ్డాయి. కోతి ఎవర్నీ ఆపలేదు. బాతు కాస్త జరిగి చోటిచ్చింది. సాయంత్రానికి లోపల కాలు పెట్టే సందు లేక, రాజూ మంత్రీ గుమ్మం బయట నిలబడ్డారు.

ఆస్థాన లేఖరి ముళ్ళపంది తలుపు సందులోంచి తొంగి చూసి, ఒక ముల్లు పీక్కుని, ఆనాటి హాజరు రాసింది: "సభ ఖాళీ. ఎవరూ రాలేదు."