సీటు కింద మీట

పెదరాజుగారి పాత పెట్రోలు లారీకి మొదట్నించీ సన్యాసే డ్రైవరు. ఎండల్లో కొండ ఎక్కేటప్పుడు ఇంజనుకు పెట్రోలు అందక లారీ మొండికేస్తుంటే, పాత పంపు పీకేసి, ట్యాంకు పక్కన కరెంటు పంపు బిగించాడు. దాన్ని ఆడించే మీట మాత్రం ఎవరి కంటా పడకుండా సీటు కింద పెట్టాడు. పెత్తనం చేతికొచ్చినప్పట్నించీ కొడుకు చినరాజుగారు పాతవన్నీ మూలకు నెట్టేస్తున్నారు మరి.

అనుకున్నంతా అయింది. ఓ ఉదయం చినరాజుగారు కొత్త డ్రైవర్ని తెచ్చి, "ముసలాడివైపోయావు సన్యాసీ, తాళం ఇచ్చేసి ఇంటికెళ్లు" అన్నారు.

సన్యాసి తాళం తీసి ఇచ్చేశాడు. కార్బురేటరు గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలుతో లారీ వీధి మలుపుదాకా వెళ్లి ఆగిపోయింది. కొత్తవాడు ఎంత తంటాలు పడినా కదల్లేదు. చేసేదిలేక చినరాజుగారు సన్యాసికి కబురు పెట్టారు.

సన్యాసితోపాటు పెదరాజుగారూ చేతికర్రతో నడిచొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. సన్యాసి స్టీరింగు నిమిరి, "పోదామా తల్లీ?" అంటూ మడమతో మీట నొక్కాడు. వెనక పంపు టిక్కుటిక్కుమంది. లారీ గుర్రుమంది.

"దానికి నా సెయ్యి అలవాటైపోనాది బాబూ" అన్నాడు.

"సరే, నువ్వే తోలు!" అని విసుక్కుంటూ చినరాజుగారు వెళ్లిపోయారు.

లారీ కదిలాక పెదరాజుగారు వంగి చూశారు. "మడమ కింద ఏంట్రా అది?"

"మీట, బాబయ్యా. ఇది నొక్కందే బండి కదల్దు."

పెదరాజుగారు వెనక్కి తిరిగి ఇంటివైపు చూశారు.

"మా ఇంట్లోనూ ఎక్కడో ఒకటి బిగించరా" అన్నారు. "మావాడు నన్ను కూడా ఓసారి పిలుస్తాడు."