మంత్రిగారు రుచి చూసిన రాజ్యం

పాలకుదురు రాజు వీరభూపతిగారికి ఉన్నట్టుండి ఒక దిగులు పట్టుకుంది. పక్క రాజ్యానికి జనం తండోపతండాలుగా యాత్రలకి పోతున్నారట. తన రాజ్యానికి వచ్చేవాళ్లు మాత్రం దారి తప్పినవాళ్లే. వాళ్లయినా మంచినీళ్లు తాగి, దారి అడిగి, వెనక్కి చూడకుండా పోతున్నారు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. వెంటనే మహామంత్రి భైరవామాత్యుణ్ణి పిలిపించారు. మన పాలన ఎలాంటిదో, జనం ఎంతమందో, చూడాల్సిన వింతలేమిటో చక్కగా వర్ణించి రాయమన్నారు. దాన్ని దేశదేశాల్లో చాటించాలని వారి ముచ్చట.

భైరవామాత్యుడు పల్లకీ తెర తొలగించి బయటికి చూసిన పాపాన పోలేదు. రాజ్యంలో ఏ మూల ఏముందో ఆయనకేం తెలుసు? అయితేనేం, మేడ మీద విసనకర్రల గాలిలో కూర్చుని గబగబా రాసి పారేశాడు. నిండు సభలో గొంతు సవరించుకుని చదివాడు.

జనమా? ఇసకేస్తే రాలనంత మందట. పాలనా? ఎవరు ఎప్పుడు కచేరీ గడప తొక్కినా కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారట, ఆ మజ్జిగ తాగేలోపు పని చేసి పంపిస్తారట. కొండ మీది జలపాతం ఏడాది పొడుగునా దూకుతుందట, దాని కింద నిలబడితే మోకాళ్ల నొప్పులు మాయమట. ఏ గుమ్మం ముందు ఆగినా నేతి గారెలతో భోజనమట. కచేరీ చుట్టూ తిరిగి చెప్పులరిగినవాళ్లు సభలో చాలామందే ఉన్నారు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాజుగారు మాత్రం ఉబ్బితబ్బిబ్బయిపోయారు.

ఒక్క లోపం మాత్రం ఉందన్నాడు మంత్రి. కోట వాకిలికి ఎదురుగా కుమ్మరి వీధి ఉంది. పొగ, మట్టి, వంగిపోయిన కప్పులు. అవి యాత్రికుల కంటబడితే పరువేం కావాలి? ఆ వీధి ఎత్తేయించి తోట వేద్దామన్నాడు. తోట మధ్యలో రాజుగారి విగ్రహం పెట్టిద్దామని, పక్కన చోటు మిగిలితే తనది కూడా పెట్టించవచ్చని చెప్పాడు. రాజుగారు తలూపేశారు.

ఆ తల ఊపుడుకి గురవప్ప గుండె గుభేలుమంది. గురవప్ప అంటే రాజుగారికి ఊసుపోని వేళ కబుర్లు చెప్పి నవ్వించే కొలువువాడు. పుట్టింది ఆ వీధిలోనే. అక్క నాంచారమ్మ ఇప్పటికీ అక్కడే సారె తిప్పి, కుండలు చేసి పిల్లల్ని సాకుతోంది. ఆ ఇల్లు పోతే ఆవిడ ఎక్కడ తలదాచుకుంటుంది? వద్దని ఏడిస్తే మంత్రి ఇంకా రెచ్చిపోతాడు. అందుకని గురవప్ప లేచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇలాంటి వర్ణన తన జన్మలో వినలేదని ముందు పొగిడాడు. తర్వాత తాపీగా కోటలోని పాత ఆచారం ఎత్తాడు. అతిథికి ఏది వడ్డించినా, వండినవాడు దాన్ని ముందుగా రుచి చూడాలి. తాతల నాటినుంచీ ఆ ఆచారం తప్పింది లేదు.

"ఇదీ అతిథులకి వడ్డించేదే కదా ప్రభూ. వండింది మంత్రిగారు. మరి ముందు వారే రుచి చూడొద్దూ?"

ఈ మాట రాజుగారికి భలేగా నచ్చింది. మొట్టమొదటి యాత్రికుడు తానేనని మంత్రి కూడా మురిసిపోయాడు. యాత్రికుడికి పల్లకీ, బంట్రోతులు, ముద్ర ఉంగరం ఉండవని గురవప్ప నెమ్మదిగా గుర్తుచేసేసరికి మొహం మాడింది. కానీ నిండు సభలో ఒప్పుకున్నాక వెనక్కి తగ్గేదెలా? మర్నాడు పొద్దున్నే ముతక పంచె కట్టి, మూట భుజాన వేసుకుని బయల్దేరాడు.

సాయంత్రం కుంటుకుంటూ సభలోకి వచ్చి పడ్డాడు. కోపంతో ఒళ్లు మండిపోతోంది, తాను రాసిందేమిటో కూడా గుర్తులేదు. కచేరీ గుమాస్తాని ఉరి తీయాలన్నాడు. వాడు తలెత్తకుండానే రేపు రమ్మన్నాడట. ఎందుకని అడిగితే మంత్రిగారి సంతకం కావాలని, ఆయన ఏనాడూ దొరకడని చెప్పాడట. నేనే ఆ మంత్రినంటే పిచ్చివాడని గెంటించాడట. కొండెక్కితే జలపాతంలో నీటి చుక్క లేదు, ఉన్న మోకాళ్లు కాస్తా పోయాయి. కింద పల్లెల్లో ఏ తలుపు చూసినా తాళమే. జనమేరని దారిలో కనబడ్డ ఒక ముసలాయన్ని అడిగితే, బతకడానికి పక్క రాజ్యానికి పోయారన్నాడట. అక్కడికి తండోపతండాలుగా పోయే యాత్రికుల్లో సగం మనవాళ్లేనని రాజుగారికి అప్పుడు తెలిసింది.

"మరి భోజనం, మంత్రివర్యా?" అని గురవప్ప ఎంతో మెత్తగా అడిగాడు.

మంత్రి గొంతు తగ్గింది. కోట దాకా వచ్చి, ఇక నడవలేక ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాడట. ఆ ఇంటావిడ, ఎవరు నువ్వని అడక్కుండా, కొత్త ముంతలో అంబలి పోసి, ఉల్లిపాయ చేతిలో పెట్టిందట. మోకాళ్లకి వేడి మన్ను పట్టు కూడా వేసిందట.

"ఏ వీధి?" అన్నారు రాజుగారు.

మంత్రి తల దించుకుని, కుమ్మరి వీధి అని గొణిగాడు. సభంతా గురవప్ప వైపు తిరిగింది. అతను రాజుగారికి వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, రాజ్యమంతా తిరిగితే మంత్రిగారి ఆకలి తీరింది ఆ ఒక్క వీధిలోనే. దాన్ని కూడా ఎత్తేస్తే, వచ్చినవాళ్లకి చూపించడానికి ఇక మిగిలే వింత మంత్రిగారొక్కరే."

సభ గొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. కుమ్మరి వీధిలో ఒక్క పెంకు కూడా కదలకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చి, మెడలోని ముత్యాల హారం తీసి గురవప్ప మెడలో వేశారు.