ఓబులమ్మ కూర్చోని అరుగు

బుడన్ తాత సూఫీ గురువు. కొండ దిగే దారి పక్కన ఆయన ఇల్లు. రెండు సంచుల పుస్తకాలతో పట్నం నుంచి వచ్చిన శిష్యుడు కేశవులు, ఆ ఇంటి ముందు అరుగు కట్టాల్సిందేనని పట్టుబట్టాడు.

"ఎత్తు అరుగులన్నీ అహంకారానికి గుర్తులు తాతా! మనది మోకాలి ఎత్తు దాటకూడదు. దారిన పోయేవాళ్లు హక్కుగా వచ్చి కూర్చోవాలి."

"కూర్చోనీ నాయనా" అన్నాడు తాత.

మేస్త్రీ వచ్చి కట్టేలోపు, కొలత చూడటానికి కేశవులు అరుగులా బండలు పేర్చాడు. "ఇది ప్రజల అరుగు" అని ఎర్రరంగుతో ఒక చిన్న పలక రాసి పెట్టాడు. మేకలవాళ్లు కూర్చున్నారు, గాజులమ్మే ఆవిడ కూర్చుంది. రోజూ కట్టెలమోపుతో కొండ దిగే ఓబులమ్మ మాత్రం కూర్చోలేదు. ఎవరికోసమైతే కట్టాలనుకున్నాడో ఆమే ఆగడం లేదు.

"రా అమ్మా, కూర్చో. ఇది నీదే!" అని రోజూ పిలిచేవాడు.

"కాదులే నాయనా" అని మెడ తిప్పకుండానే నవ్వి వెళ్లిపోయేది.

మర్నాడు మేస్త్రీ వస్తాడనగా కేశవులు ఉండబట్టలేకపోయాడు.

"చూశారా తాతా! తరతరాల భయం. ముందు ఆమె మనసులోని సంకెళ్లు తెంచాలి."

"తెంచుదువుగానీ, పొయ్యిలోకి కట్టెల్లేవు. కొండకు పోయి ఒక మోపు తెచ్చిపెట్టు."

మధ్యాహ్నానికి కేశవులు తిరిగొచ్చాడు. నెత్తిన మోపు బరువుకు మెడ విరిగిపోతోంది. తాత అరుగు మీద కూర్చుని చిరిగిన చాప అల్లుకుంటున్నాడు.

"తాతా, ఒక చెయ్యి వెయ్యండి!"

"నా నడుముకు అంత శక్తేదీ? అరుగుంది కదా నాయనా, కూర్చో."

వంగబోతే మోపు ముందుకు తూలింది. పడేస్తే కాళ్లమీద పడుతుంది. దించినా, పెరట్లోకి చేర్చడానికి దాన్ని మళ్లీ ఒక్కడే తలకెత్తుకోలేడు. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

వెనకనుంచి ఓబులమ్మ గొంతు వినబడింది. ఆమె నెత్తినా మోపుంది.

"అట్ల వంగితే నడుం పోతుంది నాయనా. దారి అవతల ఆ మొండిగోడ కాడికి రా. వీపు ఆనించి, మెల్లగా వెనక్కి జరుపు."

గోడ రొమ్మెత్తుంది. మోపు తలమీది నుంచి దాని మీదికి జారింది. ఓబులమ్మ తన మోపునూ పక్కనే జార్చింది. ఇద్దరూ గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. కేశవులు ఆ గోడ ఎత్తును చేత్తో కొలుచుకున్నాడు.

మర్నాడు మేస్త్రీని అడిగి, అరుగుకు దారివైపు చివర రొమ్మెత్తు దిమ్మె ఒకటి కట్టించాడు.

వారం తిరక్కుండానే ఓబులమ్మ మోపును దిమ్మె మీదికి జార్చి, వచ్చి అరుగు మీద కూర్చుంది. మనవరాలికి పళ్లు ఎట్లా వస్తున్నాయో చెప్పింది. ఆమెకు చెప్పాలని కేశవులు దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవేవీ చెప్పలేదు. కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, వింటూ కూర్చున్నాడు.

ఆమె వెళ్లాక తాత నూనెగిన్నె తెచ్చి అతని మెడకు రాస్తూ అడిగాడు.

"నీ పలక కనబడటం లేదేం నాయనా?"

"నీళ్లకుండకు దాన్నే మూతగా పెట్టాను తాతా."