తిట్లతో కట్టిన జట్టు

మల్లెకోటను ఏలే జగ్గభూపతికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. ఈ దసరాకు తన విద్యాలయం కుర్రాళ్లు చెడుగుడులో హేమనగరం విద్యాలయాన్ని ఓడించి తీరాలి!

కోరిక మంచిదే. చిక్కంతా కొత్త కట్టుబాటుతో వచ్చింది. ఏ విద్యార్థి అయినా వేసవిలో తనకు నచ్చిన విద్యాలయానికి మారిపోవచ్చని చుట్టుపక్కల రాజులంతా కలిసి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న రోజున అది అందరికీ గొప్ప ధర్మంగానే కనిపించింది. కానీ హేమనగరంలో బంగారం ఉంది, మల్లెకోటలో మంచి మట్టి బరి ఉంది. కుర్రాళ్లు మట్టిలో ఆట నేర్చుకుని బంగారం వైపు నడిచిపోయేవారు.

వాళ్లను తీసుకుపోవడానికి హేమనగరం క్రీడామంత్రి త్రిపురాంతకుడు ఏటా పల్లకీలో వచ్చేవాడు. "ఆటగాణ్ణి ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు, వాడి సత్తా నాకు తెలిసిపోతుంది" అంటూ మీసం దువ్వేవాడు. నిజానికి ఆయన ఆట చూసిన పాపాన పోలేదు. మల్లెకోటలో ఎవరిని మెచ్చుకుంటున్నారో విని, వాళ్లను ఎగరేసుకుపోయేవాడు.

జగ్గభూపతి తన ఆస్థాన చతురుడు బయ్యనను పిలిపించాడు.

"బయ్యనా, జట్టును నీ చేతిలో పెడుతున్నాను. ఈసారీ ఓడామా, విద్యాలయానికి తాళం, నీకు దేశబహిష్కారం."

"గెలిస్తే ప్రభూ?"

"ముందు గెలువు."

"చిత్తం. కానీ దసరా దాకా నేనేం చేసినా ఎందుకని అడగకూడదు."

రాజు సరేనన్నాడు. ఆయన కడుపులో రహస్యం పూటైనా నిలవదు. అందుకే బయ్యన ఆయనకు ఏమీ చెప్పలేదు.

మర్నాడే సాధన మొదలైంది. మాచన్న అనే గొర్రెలకాపరి కుర్రాడు కూతకు వెళ్లాడు. ముగ్గురిని తాకి, నాలుగోవాడి పట్టు విదిలించుకుని తిరిగొచ్చాడు. గొంతు వణకలేదు.

"అదేం కూతరా? దోమ పాడినట్టుంది! పో, పోయి బరి ఊడువు!" అని బయ్యన ఊరంతా వినేలా అరిచాడు.

తర్వాత భీమలింగం వెళ్లాడు. మనిషి కొండంత ఉంటాడు గానీ గీత దాటకముందే ఊపిరి అయిపోతుంది. కింద పడితే లేవదీయడానికి ఇద్దరు కావాలి. బయ్యన పరుగున వెళ్లి వాణ్ణి కౌగిలించుకున్నాడు. 'చెడుగుడు చక్రవర్తి' అని బిరుదిచ్చి, ఏనుగెక్కించి, మేళతాళాలతో వీధులన్నీ తిప్పించాడు. వాడి వెంట తిండికి ముందూ ఆటకు వెనకా ఉండే మరో ఆరుగురికి పూలదండలు వేయించాడు.

మేడ మీంచి చూస్తున్న రాజు పళ్లు నూరాడు. మాట ఇచ్చాడు గనక నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం మాచన్న మూట కట్టుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్లొస్తానయ్యా. గొర్రెలైతే నన్ను తిట్టవు."

బయ్యన ఆ మూట అందుకుని కింద పెట్టాడు. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తన ఎత్తు మొత్తం చెప్పాడు. మాచన్న కళ్లు తుడుచుకున్నాడు.

"సరేనయ్యా, తిట్టండి. మా అమ్మ వినేచోట మాత్రం వద్దు."

"ఆవిడకు ముందే చెప్పాన్రా. నా తిట్లు చప్పగా ఉన్నాయని, మంచివి నాలుగు నేర్పింది."

మాచన్న పకపకా నవ్వి మూట విప్పేశాడు.

వేసవిలో త్రిపురాంతకుడు రానే వచ్చాడు. ఊరంతా చెడుగుడు చక్రవర్తి మాటే. వాడెవడని ఆయన అడుగుతూండగానే బయ్యన పల్లకీ బొంగు పట్టుకుని బావురుమన్నాడు.

"అయ్యా, ఎవరినైనా తీసుకెళ్లండి. మా భీమలింగాన్ని మాత్రం వదిలేయండి!"

ఆ ఏడుపు చూసి త్రిపురాంతకుడు అక్కడికక్కడే రెట్టింపు బంగారం ఇస్తానన్నాడు. చక్రవర్తినీ, దండలు పడ్డ ఆరుగురినీ తీసుకుపోయాడు. వాళ్లకు చోటు కావాలిగా? పాత ఆటగాళ్లందరికీ సెలవిచ్చేశాడు. వాళ్లలో కొందరు తలలు వంచుకుని మళ్లీ మల్లెకోటకే వచ్చారు. బయ్యన వాళ్లనూ తనివితీరా తిట్టి జట్టులో చేర్చుకున్నాడు.

దసరా వచ్చింది. ఇద్దరు రాజులూ గద్దెల మీద కూర్చున్నారు. హేమనగరం తరఫున ముందుగా భీమలింగం కూతకు కదిలాడు. "చెడు..." అన్నాడు. "గుడు" అనేలోపే గీత మీద ఊపిరి తెగింది. మాచన్న వెళ్లి, ఒక్క కూతలో నలుగురిని తాకి వచ్చాడు. జనం సర్దుకుని కూర్చునేలోపే ఆట ముగిసిపోయింది.

త్రిపురాంతకుడు ఊగిపోతూ వచ్చాడు.

"బయ్యనా! వీణ్ణేగా నువ్వు ఏనుగు మీదికి ఎత్తింది?"

"ఎత్తిన మాట నిజమే స్వామీ. మోసుకుపోయింది తమరు!"

అప్పటికి సంగతి అర్థమైన జగ్గభూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు. హేమనగరం రాజుకూ నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "భూపతీ, ఆటగాళ్లెవరూ నాకొద్దు. ఈ బయ్యనను మా కొలువుకు పంపండి. ఎంతడిగితే అంత ఇస్తాను."

జగ్గభూపతి గద్దె మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"ఎవరు, ఈ బయ్యనా? ఒట్టి దద్దమ్మ! దండగమారి! వీడి బుర్రలో ఉన్నదంతా ఊకే!" అని కేకలేస్తూనే తన మెడలోని ముత్యాల హారం తీసి బయ్యన మెడలో వేశాడు.

బయ్యన వంగి దండం పెట్టి, మెల్లగా అన్నాడు.

"ఇంకాస్త గట్టిగా ప్రభూ! ఆయనకు సరిగ్గా వినబడినట్టు లేదు."