తాతగారిని పొడిచిన బాకు

అనగనగా అనగానే తలలూపేయకండర్రా పిల్లలూ! ఎవరన్నారో, చూసి అన్నారో లేదో అడగాలి. అలా అడిగినందుకే ప్రాణం మీదికి తెచ్చుకున్న ఓబుళమ్మ కథ ఇది.

కంచుకొండ రాజ్యంలో ఓబుళమ్మ ఆయుధశాల కాపరి. కత్తులకు తుప్పు గీకడం, నూనె పట్టించడం ఆమె పని. అక్కడొక ఆచారం. పాత ఆయుధం ఏదైనా ఆ గడప దాటి లోపలికి రావాలంటే, కాపరి దాన్ని చేతపట్టి "ఇది నిజం" అని మూడుసార్లు అనాలి. అలా అంటేనే దాని కథను రాజ్యమంతా నమ్ముతుంది.

ఒకనాడు రాజు ఆయుధశాల ముందు కొలువుదీరి ఉండగా కుప్పయ్య అనే వర్తకుడు పట్టుబట్టలో చుట్టి ఒక బాకు తెచ్చాడు.

"మహారాజా! అరవై ఏళ్ళ కిందట ఏటి ఒడ్డున జరిగిన యుద్ధంలో మీ తాతగారిని వెన్నులో పొడిచిన బాకు ఇదే. పొడిచింది రేవుపల్లె వాళ్ళు!"

రాజు ప్రతాపభూపతికి ఒళ్ళు మండిపోయింది. "ఓబుళమ్మా, నిజమని చెప్పు. రేపే ఆ పల్లెను తగలబెట్టిస్తాను."

ఏటి పడవల రేవు పక్కనున్న రేవుపల్లెలో రెండువందల గడపలు. ఓబుళమ్మ ఊఁ అంటే చంటిపిల్లలతో సహా అందరూ అడవుల పాలే. ఆమె బాకును ముట్టుకోలేదు. "సాక్ష్యం చూపించండి ప్రభూ" అంది.

మొదట ఆస్థానకవి లేచి, ఆ వెన్నుపోటు మీద పద్యం చదివాడు. సభంతా కంటతడి పెట్టింది.

"పద్యం అమృతమే స్వామీ. తమకు నలభై నిండలేదు కదా, ఆ యుద్ధం సంగతి ఎవరు చెప్పారు?" అని అడిగింది ఓబుళమ్మ. కవి కొత్త శాలువా సర్దుకుంటూ కుప్పయ్య వైపు చూశాడు.

రెండోది రాగిరేకు. యుద్ధం జరిగిన నాడే చెక్కించారన్నాడు కుప్పయ్య. ఓబుళమ్మ చదివి పకపకా నవ్వింది.

"ఇందులో ఏనుగుల బురుజు పేరుంది. దాన్ని ఆ యుద్ధం అయ్యాక కట్టించింది ప్రభువుల నాన్నగారు. కట్టని బురుజును ఆనాడు ఎవరు చూశారయ్యా?"

మూడోసారి నూరుమంది వచ్చారు. "ఊరంతా అంటోంది!" అని అరిచారు. ఎవరి దగ్గర విన్నావని ఆమె ఒక్కొక్కరినే అడిగింది. ఒకడు పక్కవాణ్ణి చూపించాడు, పక్కవాడు ఇంకొకణ్ణి చూపించాడు. చివరికి అందరూ చూపించింది కుప్పయ్య గుమాస్తానే.

"నోళ్ళు నూరైనా సాక్షి ఒక్కడే ప్రభూ. వాడూ చూసినవాడు కాదు, ఆ యుద్ధం నాటికి పుట్టనే లేదు."

రాజు కత్తి దూశాడు. "నిజమంటావా, తల పోగొట్టుకుంటావా?"

ఓబుళమ్మకు భయం లేదంటే అబద్ధం. అయినా గొంతెత్తింది.

"తల తీసుకోండి. అబద్ధం మాత్రం నా నోట రాదు. ఆ యుద్ధంలో తాతగారు తొడుక్కున్న కవచం లోపలే ఉంది. నా మాట కూడా నమ్మొద్దు, మీ కళ్ళతో చూడండి!"

రాజు విసవిసా లోపలికి వెళ్ళాడు. కవచం వీపు భాగం చెక్కుచెదరలేదు. గుండె దగ్గర బాణం దూరిన చిల్లు ఉంది. పక్కనే ఆనాటి కాపరి రాసిన తాటాకు: "ముందు రేకుకు చిల్లు. వెనుక రేకు బాగుంది."

"ఆ కాపరి మరమ్మతు కోసం రాసుకున్నాడు ప్రభూ, మెప్పు కోసం కాదు. అది కవచంతో సరిపోయింది కాబట్టే నమ్ముతున్నాను" అంది ఓబుళమ్మ.

రాజు ఆ చిల్లు మీద చెయ్యి వేసి తలవంచాడు. తాతగారు శత్రువుకు ఎదురు నిలిచే కన్నుమూశారు. గట్టిగా నిలదీస్తే కుప్పయ్య, పల్లె ఖాళీ అయితే రేవు తనదవుతుందని ఇదంతా చేశానని ఒప్పుకున్నాడు. రాజు అతన్ని రాజ్యం నుంచి తరిమేశాడు.

"పట్టుబట్టి పల్లెను కాపాడావు తల్లీ, నన్నూ పాపం నుంచి కాపాడావు" అని అందరి ముందూ ఓబుళమ్మకు చేతులు జోడించాడు.

కాబట్టి పిల్లలూ, ఎందరు చెప్పారన్నది కాదు, చెప్పినవాడు చూశాడా, చెబితే వాడికేం లాభం అని రాజు ముందైనా అడిగినవాడికే నిజం దొరుకుతుంది.